ఫ్లాపీ మింగే కెమెరా: సోనీ మావికా ఎఫ్‌డి73

పాత డిజిటల్ కెమెరాలకి మళ్లీ గిరాకీ వచ్చింది. కాలేజీ పిల్లలు మా ఫొటో స్టూడియోకి వచ్చి, "అంకుల్, పాత డిజిక్యామ్ ఏదైనా పడుందా, ఇస్తారా?" అని అడుగుతున్నారు. ఫోన్లో తీస్తే మరీ నున్నగా వస్తోందట, వాళ్లకి కాస్త గరుగ్గా కావాలట. అందులో ఒక కుర్రాడు ఎక్కడో సోనీ మావికా అమ్మకానికి చూసి, కొనమంటారా వద్దంటారా అని నన్ను పట్టుకున్నాడు. మా దగ్గర ఎఫ్‌డి73 ఉంది. ఇప్పటికీ పనిచేస్తుంది. పర్లాకిమిడిలో దాన్ని మేం వాడినంతగా ఇంకెవరూ వాడి ఉండరు కాబట్టి చెప్పే హక్కు ఉందనే అనుకుంటున్నా.

ఇది 1999 నాటి మోడల్. స్టూడియో అప్పుడు మా చిన్నాన్నది. ఆయన అల్లుడు దుబాయ్ నుంచి సెలవుకొస్తూ తెచ్చి చేతిలో పెట్టాడు. చిన్నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏటిరా ఇది, రీలెక్కడ పెట్టాలి?" అన్నాడు. పక్కన మూత తీసి ఫ్లాపీ, అంటే ఆ రోజుల్లో కంప్యూటర్ ఫైళ్లు దాచుకునే పలచటి చదరపు డిస్కు, తోస్తే నమ్మలేదు. స్పెషల్ ఫ్లాపీ ఏమీ కాదు. కంప్యూటర్లో పెట్టే మూడున్నర అంగుళాల ఫ్లాపీయే, బజార్లో ఇరవై రూపాయల లోపు దొరికేది.

కెమెరా ఆకారం చూసి నవ్వేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. లోపల ఒక నిఖార్సైన ఫ్లాపీ డ్రైవ్ ఉంది, మోటారుతో సహా. దాని చుట్టూ ప్లాస్టిక్ కట్టి, ముందు లెన్సు, వెనక స్క్రీను, పక్కన బ్యాటరీ పెట్టారు. అందుకే చదరంగా, దళసరిగా, గళ్లాపెట్టెలా ఉంటుంది. బరువు అరకేజీ దాటుతుంది. జేబులో పట్టే ప్రశ్నే లేదు. మెడలో వేసుకుంటే పొట్టకి కొట్టుకుంటూ ఉంటుంది. కానీ చేత్తో పట్టుకుంటే బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కుడిచేతి వైపు పట్టు ఉంది, ఎడమచేయి కింద నుంచి ఆనించవచ్చు, బరువు ఉండటం వల్ల చెయ్యి వణకదు. ఇప్పటి సన్నటి ఫోన్లతో పెద్దవాళ్లు తంటాలు పడటం చూస్తుంటాను, వేలు లెన్సుకి అడ్డం వస్తుంది. దీనితో ఆ గొడవ లేదు.

దీన్ని తయారుచేసినవాళ్ల బుర్ర అంతా ఒకచోటే పనిచేసిందని నా నమ్మకం: తీసిన ఫొటో అవతలివాడి చేతికి ఎలా అందుతుంది? మిగతావన్నీ దాని తర్వాతే చూసుకున్నారు. 1995లో కాసియో క్యూవీ-10 వచ్చింది, వెనకాల స్క్రీనుతో, తిరిగే లెన్సుతో. ముచ్చటైన కెమెరా. కానీ ఫొటోలు లోపలి మెమరీలోనే ఉండేవి, కంప్యూటర్లోకి తేవాలంటే వైరు కలపాలి, దాని సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఆ రోజుల్లో మా ఊళ్లో కంప్యూటర్ ఉన్నవాళ్లే తక్కువ. ఉన్నవాళ్ల దగ్గర ఆ వైరు ఎక్కడ ఉంటుంది? 1997లో సోనీ ఎఫ్‌డి5, ఎఫ్‌డి7 తెచ్చి ఈ ముడి విప్పేసింది. ఫ్లాపీ డ్రైవ్ లేని కంప్యూటర్ అప్పటికి దాదాపు లేదు. ఫొటో మామూలు జేపెగ్ ఫైలుగా పడుతుంది. డ్రైవర్ అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు. మావికా అనే పేరు మాత్రం ఇంకా పాతది. 1981లోనే సోనీ ఆ పేరుతో ఒక నమూనా చూపించింది. అది టీవీ సిగ్నల్ మాదిరి బొమ్మని చిన్న మాగ్నెటిక్ డిస్కు మీద రాసే రకం, డిజిటల్ కాదు.

మా వ్యాపారంలో ఈ ఫ్లాపీ సంగతి ఎంత పనికొచ్చిందో చెప్పాలి. మాది సరిహద్దు ఊరు. ఇటు ఒడిశా, పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. పెళ్లి కార్డులు, కరపత్రాలు అచ్చువేసే డీటీపీవాళ్లు రెండు వైపులా ఉండేవాళ్లు, ఒకే కార్డు మీద ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా. వాళ్లకి ఫొటో కావాలంటే మునుపు మేం రీలు మొత్తం అయ్యేదాకా ఆగి, కలర్ అయితే బరంపురం ల్యాబుకి పంపి, ప్రింటు వచ్చాక ఇస్తే, వాళ్లు స్కాన్ చేయించుకునేవాళ్లు. మావికా వచ్చాక పెళ్లికొడుకుని గోడ ముందు నిలబెట్టి తీసి, ఫ్లాపీ బయటికి లాగి, వాళ్ల నాన్న చేతిలో పెట్టేవాళ్లం. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కేవాడు. డీటీపీ వాడి కంప్యూటర్ ఎంత పాతదైనా అందులో ఆ ఫ్లాపీ తెరుచుకునేది. ఈ సుఖం ఇంకే కెమెరాతోనూ మాకు మళ్లీ దొరకలేదు. తర్వాత వచ్చినవాటికి ప్రతిదానికీ ఒక కార్డు, ఆ కార్డుకి ఒక రీడరు, ఆ రీడరుకి ఒక డ్రైవరు.

ఇక మీటల దగ్గరికొద్దాం, కుర్రాడు అసలు అడిగింది అదే.

మొదటిది, ప్లే-కెమెరా స్విచ్. చూడటానికి ఒక వైపు, తీయడానికి ఒక వైపు, చేత్తో జరపాలి. ఇప్పటి కెమెరాల్లో చూస్తూ చూస్తూ షట్టర్ నొక్కితే తీసే పద్ధతిలోకి అదే వచ్చేస్తుంది. దీనిలో రాదు. ఫొటో చూపించి, మళ్లీ తీయబోయి, బటన్ నొక్కితే ఏమీ జరగదు. స్విచ్ వైపు చూడాలి. పెళ్లిలో ఇది చిరాకు. అయితే కొత్తవాళ్లకి నేర్పేటప్పుడు మాత్రం ఇదే సులువు. స్విచ్ ఎటుందో అదే చేస్తుంది, మనసు మార్చుకోదు. మా షాపులో పనిచేసిన గుంటడు ఒక పూటలో నేర్చేసుకున్నాడు.

జూమ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. పది రెట్లు, నిజమైన లెన్సు జూమ్. పాత రీలు కెమెరా లెక్కలో చెప్పాలంటే 40 మిల్లీమీటర్ల నుంచి 400 దాకా. లెన్సు వెడల్పు ఎఫ్1.8, అంటే తక్కువ వెలుతురులో కూడా పని నడుస్తుంది. ఇదంతా సోనీ వీడియో కెమెరాల ఇంటి సరుకు. మీట నొక్కితే మోటారు నింపాదిగా లాగుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. ఆ రోజుల్లో మిగతా చిన్న కెమెరాలు రెండు రెట్లు, మూడు రెట్లు అంటుంటే ఇది రోడ్డు మీద నిలబడి గజపతి రాజుగారి కోట గోపురం మీది పావురాన్ని తీసేది. చెయ్యి కదిలితే మాత్రం అంతే, కదలిక ఆపే ఏర్పాటు ఈ మోడల్లో లేదు. 400 దగ్గర గోడకో స్తంభానికో ఆనుకోవాలి.

వెనకాల స్క్రీను రెండున్నర అంగుళాలు. 1999కి అది పెద్ద స్క్రీనే. దీని మీద నాకున్న పెద్ద పేచీ ఏమిటంటే, కన్ను పెట్టి చూసే కిటికీ అసలు లేదు. చూడాల్సిందంతా స్క్రీను మీదే. షాపులో బాగుంటుంది. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం బయటికొస్తే స్క్రీను మీద నా మొహం తప్ప ఏమీ కనపడేది కాదు. ఊరేగింపులు తీసేటప్పుడు భుజం మీది తువ్వాలు తీసి తల మీదుగా కెమెరా మీదికి కప్పుకుని తీసేవాణ్ణి, వెనకటి నల్లగుడ్డ ఫొటోగ్రాఫర్లలాగే. పిల్లలు చుట్టూ మూగేవాళ్లు. ఒక చిన్న కిటికీ పెట్టడానికి ఆ డబ్బాలో చోటు లేదంటే నేను ఒప్పుకోను. ఉన్నదంతా చోటే.

నాలుగు వైపులా నొక్కే బటన్ ఒకటుంది, బొటనవేలి కింద. పైకి నొక్కితే మెనూ పట్టీ వస్తుంది, పక్కలకి నొక్కుతూ జరగాలి, మధ్యలో నొక్కితే ఖాయం. ఈ బటన్ గురించి ఎవరూ గొప్పగా చెప్పరు గానీ నా లెక్కలో కెమెరా మొత్తంలో తెలివైన పని ఇదే. ఇంగ్లీషు రానివాళ్లు కూడా దాన్ని వాడేశారు. పైకి, పక్కకి, మధ్యలో, అంతే. చిన్నాన్నకి మెనూలో ఏం రాసుందో తెలియదు, కానీ ఫ్లాపీ ఫార్మాట్ చేయడానికి ఎటెటు నొక్కాలో వేలికి తెలుసు. ఇప్పటి ఫోన్లలో అప్‌డేట్ వచ్చినప్పుడల్లా బొమ్మలన్నీ చోటు మారిపోతాయి. ఆయన ఉండుంటే తిట్టేవాడు.

అనవసరమైన బటన్లూ ఉన్నాయి. పిక్చర్ ఎఫెక్ట్ అని ఒకటి: నలుపు తెలుపు, సెపియా, నెగెటివ్ లాంటివి. నెగెటివ్ ఎఫెక్టు చూసి పిల్లలు దెయ్యం అని కేకలు పెట్టేవాళ్లు, అంతకుమించి దాని ఉపయోగం నాకు కనపడలేదు. ప్రోగ్రామ్ ఏఈ అని ఇంకొకటి, తీసే చోటుని బట్టి సెట్టింగులు ఎంచుకోవడానికి, అందులో బీచ్ అండ్ స్కీ కూడా ఉంది. గోపాల్‌పూర్ వెళ్తే బీచ్ దొరుకుతుంది, స్కీ ఎక్కడ చేయాలి? మహేంద్రగిరి మీద కూడా మంచు పడదు. ఫ్లాష్ బటన్ మాత్రం విడిగా పెట్టి మంచి పని చేశారు. మెనూలోకి వెళ్లకుండా ఒక్క నొక్కుతో ఆపేయొచ్చు.

ఆ ఫ్లాష్ ఆపడం ఎందుకంత ముఖ్యమో చెప్తా. మా ఊరు కొమ్ము పనికి పేరు. పశువుల కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. నల్లగా అద్దంలా మెరుస్తాయి. ఆ పని చేసే పెద్దాయన ఒకరు విశాఖపట్నం షాపులకి నమూనాలు చూపించడానికి మా దగ్గరికి వచ్చేవారు. ఫ్లాష్ పడితే కొంగ మెడంతా తెల్లటి మరక. అందుకని ఫ్లాష్ ఆపేసి, కిటికీ పక్కన పాత వెంకటగిరి చీర ముక్క పరిచి, జూమ్‌ని పూర్తిగా వెనక్కి తెచ్చి, కెమెరాని బొమ్మకి వేళ్ల దూరంలో పెట్టేవాణ్ణి. అంత దగ్గర్లో కూడా ఫోకస్ పడేది. కొంగ కంటి చుట్టూ ఆయన సన్నటి పనిముట్టుతో గీసిన గీతలు స్క్రీను మీద ఒక్కొక్కటీ విడివిడిగా కనపడేవి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "నాను గీసినపుడే ఇంత బాగా కనపళ్ళేదు బాబూ" అన్నారు. రీలు కెమెరాతో ఇలాంటి ఫొటో తీయాలంటే స్పెషల్ లెన్సు కొనాలి. ఈ డబ్బా ఊరికే చేసేసింది. ఒక్కో ఫైలు వంద కేబీ లోపే. డయలప్ ఇంటర్నెట్‌లో కూడా అరనిమిషంలో వెళ్లిపోయేది. ఇప్పుడు ఫోన్ ఫొటో ఒక్కటి నాలుగైదు ఎంబీ. ఆ కాలంలో అది పంపాలంటే ఇంటర్నెట్ సెంటర్లో భోజనం కూడా కానిచ్చేయొచ్చు.

ఇప్పుడు దీని అసలు జబ్బు: నిదానం. షట్టర్ నొక్కాక కెమెరా ఆ ఫొటోని ఫ్లాపీ మీద రాసుకోవాలి. చిన్న లైటు వెలుగుతుంది, లోపల డ్రైవ్ గరగరమంటుంది, మనం నిలబడి వినాలి. అది ఆగేదాకా ఇంకో ఫొటో లేదు. ఆ లైటు వెలుగుతున్నప్పుడు కెమెరాని కుదపకూడదు కూడా. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్నబండి మాకు అప్పట్లో ఇంకా నడిచేది, రెండున్నర అడుగుల పట్టాల మీద. 1900లో పర్లాకిమిడి రాజావారు మా ఊరి దాకా వేయించి, తర్వాత గుణుపురం దాకా పొడిగించిన లైను, 2004లో పెద్ద లైను కోసం ఆపేశారు. ఆపేస్తారని తెలిశాక జనం ఫొటోల కోసం వచ్చారు. అంత నింపాదిగా నడిచే బండిని కూడా ఈ కెమెరాతో రెండోసారి తీయలేం. ఇంజను ఒకటి పడుతుంది, గరగర మొదలవుతుంది, అది ముగిసేసరికి చివరి పెట్టె స్టేషను దాటిపోతుంది. రీలు కెమెరాలో మీట లాగి మూడు తీసుండేవాళ్లం. కదిలేవాటికి ఇది పనికిరాదు, పసిపిల్లలతో సహా.

ఫ్లాపీకి ఫైన్ అనే మెరుగైన నాణ్యతలో తీస్తే పదిహేను, ఇరవై ఫొటోలు. ఇప్పటివాళ్లకి ఇది జోకు. మాకు అప్పుడు అది ఇబ్బందనిపించలేదు, రీలుకి ముప్పై ఆరే కదా. ఫ్లాపీ నిండితే ఇంకోటి తోస్తాం, పెళ్లికి ఒక డబ్బా ఫ్లాపీలు. చిరాకల్లా ఫైళ్ల పేర్లతో. ఎంవీసీ-001ఎఫ్ అని మొదలవుతుంది, కొత్త ఫ్లాపీ పెడితే మళ్లీ 001. రెండు ఫ్లాపీలని ఒకే ఫోల్డర్లోకి కాపీ చేస్తే, పాతదాని మీద కొత్తది ఎక్కించమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. తొందర్లో ఉన్నవాడు అవునంటాడు. పెళ్లికూతురు తాలూకు ఫొటోలు పోయి పెళ్లికొడుకు తాలూకువి మిగులుతాయి. ఇంత ఆలోచించి చేసినవాళ్లు ఇది ఎందుకు ఇలా వదిలేశారో! ప్రతి ఫొటో పక్కన 411 అనే తోకతో ఇంకో చిన్న ఫైలు కూడా ఉంటుంది. అది కెమెరా తన సూచిక కోసం రాసుకునే బుల్లి బొమ్మ. కంప్యూటర్‌కి దానితో పనిలేదు.

బొమ్మ నాణ్యత సంగతి సూటిగా చెప్పేస్తా. 640 బై 480, అంటే మూడు లక్షల చిల్లర చుక్కలు. అంగుళానికి మూడొందల చుక్కల లెక్కన ప్రింటు తీస్తే రెండంగుళాల పైన కొంచెం. పాస్‌పోర్టు ఫొటోకి సరిగ్గా సరిపోతుంది. దాన్ని నాలుగు బై ఆరు చేయాలంటే జుట్టు మెట్లుమెట్లుగా కనపడుతుంది. ఆల్బం పని దీనితో ఎప్పుడూ చేయలేదు, చేస్తామని ఎవరికీ చెప్పనూ లేదు. ట్యూబులైటు కింద మొహాలు కాస్త పచ్చగా వస్తాయి. ఎండలో తెల్ల పంచె తెల్లటి అట్టముక్క అయిపోతుంది, మడతలు కనపడవు. పొద్దుటి వెలుతురులో తీస్తే మాత్రం చర్మం రంగు ఇప్పటి ఫోన్ల కంటే నిజంగా ఉంటుంది, ఎందుకంటే ఇది ఎవరినీ అడగకుండా తెల్లబరచదు. కుర్రాళ్లు వెతుకుతున్నది బహుశా అదే.

బ్యాటరీ ఈ కెమెరాకి దొరికిన వరం. సోనీ వీడియో కెమెరాల ఎన్‌పీ-ఎఫ్ రకం. ఇంకా ఎన్ని నిమిషాలు వస్తుందో స్క్రీను మీద అంకెతో చూపిస్తుంది. మూడు గీతల్లో రెండు పోయాయి లాంటి సొద కాదు, నిమిషాలు. పెళ్లిలో తాళి కట్టే టైముకి టెన్షన్ లేకుండా ఉండేది. పైగా ఇవే బ్యాటరీలు ఇప్పుడు వీడియోవాళ్ల ఎల్‌ఈడీ లైట్లకి వాడుతున్నారు కాబట్టి ఎఫ్550 రకం ఇవాళ్టికీ కొత్తది దొరుకుతుంది. లోపల చిప్ లేని నాసిరకం కొంటే మాత్రం కెమెరా ఒప్పుకోకపోవచ్చు, చూసి కొనండి.

కొనేవాళ్లకి ఇంకో ముఖ్యమైన మాట. ఆన్ అవుతోంది, జూమ్ అవుతోంది అని చూసి డబ్బులిచ్చేయొద్దు. వెంట ఒక ఫ్లాపీ తీసుకెళ్లండి. దానిలో రెండు ఫొటోలు తీసి, కెమెరాలో చూసుకోవడమే కాదు, వేరే డ్రైవ్‌లో పెట్టి తెరవండి. పాతబడిన డ్రైవ్‌లో హెడ్, అంటే ఫ్లాపీ మీద రాసే, చదివే ముక్క, పక్కకి జరిగి ఉంటే తాను రాసింది తాను చదువుకుంటుంది, ఇంకే డ్రైవూ చదవలేదు. అప్పుడు దీన్ని కొన్న ప్రయోజనమే పోయింది. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపడుతుంది. ఫ్లాపీలే కష్టం. సోనీ తన దేశంలో కూడా 2011లో అమ్మకం ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ ఎక్కడో గోడౌన్లో మిగిలినవి, మన వానాకాలపు తేమకి సగం బూజు పట్టి ఉంటాయి. మూత జరిపి లోపలి నల్ల బిళ్ల మీద తెల్ల మచ్చలున్నాయేమో చూడండి. ఉంటే ఆ ఫ్లాపీ కెమెరాలో పెట్టకండి, హెడ్‌కి అంటుకుంటుంది.

వెయ్యి, పదిహేను వందల్లో బ్యాటరీ, చార్జరుతో దొరికి, ఆ పరీక్ష నెగ్గితే తీసుకోమన్నాను కుర్రాడితో. ఆన్‌లైన్‌లో కొందరు చెప్పే ధరలకి మాత్రం వద్దు. ఆ డబ్బుకి రెండు మెగాపిక్సెళ్ల పాత కెమెరా, కార్డుతో సహా వచ్చేస్తుంది. "పోనీ మీదే అమ్మేయండి అంకుల్" అన్నాడు. మాది అమ్మను. కావాలంటే ఆదివారం తీసుకెళ్లి సోమవారం తెచ్చివ్వమన్నాను, ఫ్లాపీలు మాత్రం వాడే తెచ్చుకోవాలి.